టీసీ లేని పిల్లకి బళ్లో అన్నం పెడతారా?

2025 జూలై 10, గురువారం. రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగిన రోజు. ప్రకాశం జిల్లా కొండపి వైపు ఉన్న మా జిల్లా పరిషత్ హైస్కూల్లోనూ పొద్దుటి నుంచి సందడి. మీటింగ్ అయిపోయి భోజనాలు నడుస్తున్నాయి. వంటషెడ్డుకు కొంచెం ఎడంగా వేపచెట్టు కింద ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పక్కన ఒక అమ్మాయి, ఒక పిల్లాడు. యూనిఫాం లేదు. పిల్లాడి చూపు కంచాల మీదే ఉంది.

దగ్గరికెళ్ళి, "ఏ క్లాసు పిలకాయలు అవ్వా?" అని అడిగాను.

"ఏ క్లాసూ కాదమ్మా. టీసీ లేదంట. టీసీ లేని పిల్లకి అన్నం పెడతారా?" అంది.

ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టించాం. ఆ తర్వాత మొదలైన పని ఏడు నెలలు సాగింది. పంతొమ్మిదేళ్ళుగా సోషల్ చెప్తున్నాను, ఆరేళ్ళుగా పదో తరగతికి క్లాస్ టీచర్ని. ఇలాంటి కుటుంబాలు ఏటా ఒకటో రెండో ఎదురవుతాయి. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. హైస్కూలు నిబంధనల గురించి మన ఇళ్ళల్లో తిరిగే అపోహలు ఇన్ని ఒకే ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. వాటిలో ఏ ఒక్కటీ ఆ ఇంటివాళ్ళు సొంతంగా అనుకున్నది కాదు. ప్రతి దానికీ వెనక ఒక మనిషి చెప్పిన సగం నిజం ఉంది. పేర్లు, ఊరు రాయడం లేదు.

కుటుంబం సంగతి

తండ్రి సెంట్రింగ్ పనికి వేరే జిల్లాలో ఒక పట్నానికి వెళ్ళి నాలుగేళ్ళు అక్కడే ఉన్నాడు. పిల్లలిద్దర్నీ అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో వేశాడు. 2025 ఏప్రిల్‌లో స్లాబు పని చేస్తూ జారిపడి కాలు విరిగింది. పని ఆగింది, ఇంటి అద్దె కట్టలేక మే నెలలో సొంతూరికి వచ్చేశారు. అప్పటికి అమ్మాయి తొమ్మిది పూర్తిచేసింది, తమ్ముడు ఆరు పూర్తిచేశాడు. స్కూలు ఫీజు బాకీ 23 వేలు.

బాకీ కట్టేదాకా టీసీ ఇవ్వం అన్నారు అక్కడ. ఆ మాట వరకు విని ఊరుకుంటే సరిపోయేది. "టీసీ లేకపోతే ఇంక ఏ స్కూలూ మీ పిల్లల్ని గేటు లోపలికి కూడా రానివ్వదు" అని కూడా అన్నారు. తల్లి దాన్ని అక్షరాలా నమ్మింది. జూన్ 12న బళ్ళు తెరిచారు. వీళ్ళ ఇంటికి మా స్కూలు అర కిలోమీటరు. నాలుగు వారాలు ఆ పిల్లలు మా గంట వింటూ ఇంట్లో కూర్చున్నారు. అమ్మాయి మిరప నాట్లకు నాయనమ్మతో కూలికి పోయింది.

ముందు పిల్లాడు

పిల్లాడి విషయంలో ఆలోచించాల్సిందేమీ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఆపకూడదని 5వ సెక్షన్ చెప్తుంది. టీసీ ఇవ్వకుండా నాన్చే హెడ్‌మాస్టరు మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. వయసు ధ్రువపత్రం లేదని వెనక్కి పంపకూడదని 14వ సెక్షన్. సంవత్సరం మొదలైపోయింది కదా అని కాదనకూడదని 15వ సెక్షన్. మర్నాడు శుక్రవారం వాడి పేరు ఏడో తరగతిలో రాసుకున్నాం.

ఇక్కడ తండ్రి నోటి నుంచి రెండో అపోహ వచ్చింది. "వాడికి తొందరేముంది మేడమ్, ఎనిమిది దాకా ఎవర్నీ ఫెయిల్ చెయ్యరుగా. ఎప్పుడు చేర్చినా ఒకటే" అన్నాడు. ఒకప్పుడు చట్టంలో ఆ మాట ఉంది. 2019లో సవరించి, 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టడానికి, రెండు నెలల్లో మళ్ళీ అవకాశం ఇవ్వడానికి, అప్పటికీ రాకపోతే అదే తరగతిలో ఉంచడానికి రాష్ట్రాలకు వీలు కల్పించారు. కానీ చట్టం సంగతి నేను ఆయనకు చెప్పలేదు. నాలుగో తరగతి తెలుగు వాచకం తెచ్చి పిల్లాడి చేతికిచ్చాను. వాడు ఒక పేరా మీద వేలు పెట్టి, ఒత్తు వచ్చిన ప్రతి చోటా ఆగి, మూడో లైనులో ఏడుపు మొహం పెట్టాడు. మంచం మీద కట్టుకాలుతో ఉన్న తండ్రి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇన్నాళ్ళూ పాసయ్యాడనే అనుకున్నా" అన్నాడు చివరికి. వాడికి సాయంత్రం నాలుగు తర్వాత ముప్పావు గంట తెలుగు చెప్పడం ఆ వారమే మొదలుపెట్టాం.

అమ్మాయి విషయం వేరు

అసలు చిక్కు ఇక్కడే. మన టీచర్లలో కూడా చాలామంది విద్యాహక్కు చట్టం అంటే పదో తరగతి దాకా అనుకుంటారు. కాదు. ఎనిమిదితో ఆగుతుంది. అమ్మాయి పదిలోకి రావాలి. కాబట్టి తమ్ముడికి చెప్పినట్టు "ఇది నీ హక్కు" అని ఆ పిల్లకి ఒక సెక్షన్ చూపించలేను. అలాగని టీసీ వచ్చేదాకా ఇంట్లో కూర్చో అనీ అనలేను. పదో తరగతిలో ఒక నెల అంటే చిన్న విషయం కాదు.

మా హెడ్‌మాస్టరు గారు ఈ పనిని కాగితం మీదే నడిపారు, ఫోన్ల మీద కాదు. తండ్రి దగ్గర పరిస్థితి అంతా రాయించి సంతకం తీసుకున్నారు. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు, ఆధార్ జిరాక్సు జతచేశారు. ఆ స్కూలుకు టీసీ పంపమని రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ రాశారు. దాని కాపీ మా మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ) గారికి, జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) ఆఫీసుకు పెట్టి, అమ్మాయిని క్లాసులో కూర్చోబెట్టడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నారు. జూలై 14, సోమవారం ఆ పిల్ల రెండో బెంచీలో కూర్చుంది.

టీసీ ఒక్కటే కాదు, ఆన్‌లైన్ కూడా చూసుకోవాలి. బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ పెన్ అని 11 అంకెల శాశ్వత నంబరు ఉంటుంది. పాత స్కూలు పిల్ల పేరును తన లిస్టు నుంచి తీసి, అందులోనే ఉండే డ్రాప్‌బాక్స్‌లోకి వదిలితేనే కొత్త స్కూలు తన దగ్గరికి తీసుకోగలదు. చేతికి టీసీ వచ్చినా ఇది మిగిలిపోయి, నామినల్ రోల్స్ (పబ్లిక్ పరీక్ష రాసేవాళ్ళ జాబితా) వేళకు పరుగులు పెట్టే కుటుంబాలను చూశాను. అందుకే రెండూ ఒకే లెటర్లో అడిగాం. ఆగస్టు మూడో వారంలో టీసీ పోస్టులో వచ్చింది, తర్వాత నాలుగు రోజులకు పేరు మా లిస్టులోకి వచ్చింది.

బాకీ ఏమైందని చాలామంది అడిగారు. బాకీ అలాగే ఉంది, తీర్చాల్సిందే. పిల్లలు చదువుకున్నారు, ఆ డబ్బు స్కూలుకు చెందాలి. తండ్రి నెలకు రెండు వేల చొప్పున కడతానని రాసిచ్చాడు, డిసెంబరు నుంచి కడుతున్నాడు. నేను చెప్పేదల్లా ఒకటే: బాకీ అన్నది ఆ స్కూలుకూ తండ్రికీ మధ్య వ్యవహారం. పిల్ల చదువును దానికి తాకట్టు పెట్టడం తప్పు.

తల్లికి వందనం గొడవ

డబ్బు దగ్గర ఇంకో ముడి ఉంది. జూన్‌లో తల్లికి వందనం పథకం కింద ఇద్దరు పిల్లలకూ కలిపి 26 వేలు తల్లి ఖాతాలో పడ్డాయి. ఒక్కో పిల్లకి 15 వేలు. అందులో 2 వేలు బడి నిర్వహణకు పోను 13 వేలు తల్లికి. పాత అమ్మ ఒడి పథకంలో ఇంట్లో ఒక్కరికే వచ్చేది, ఇప్పుడు చదివే పిల్లలందరికీ. ఆ డబ్బు తండ్రి కాలు ఆపరేషనుకు, మందులకు అయిపోయింది. పాత స్కూలు ఆఫీసులో "అది మా స్కూలు పేరు మీద వచ్చిన డబ్బు, మొత్తం మాకే కట్టాలి" అన్నారట. ఇప్పుడు స్కూలు మారితే ప్రభుత్వం ఆ డబ్బు వెనక్కి లాక్కుంటుందని ఎవరో అన్నారు. ఆ రెండు మాటలతో తల్లికి రాత్రిళ్ళు నిద్ర లేదు. దొంగతనం చేసినట్టు మాట్లాడింది నాతో.

డబ్బు తల్లి ఖాతాకు, ఆమె పిల్లలు చదువుతున్నందుకు వస్తుంది. ప్రభుత్వ బడి అయినా, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి అయినా ఒకటే. స్కూలు మారితే పోదు. హాజరు 75 శాతం కంటే తగ్గితే పోవచ్చు. ఖాతాకు ఆధార్, ఎన్‌పీసీఐ (ఆధార్ ద్వారా ఖాతాకు డబ్బు చేర్చే వ్యవస్థ) లింకు సరిగ్గా లేకపోతే ఆగుతుంది, కానీ సచివాలయంలో, బ్యాంకులో సరిచేయించుకోవచ్చు. ఇది చెప్పడానికి ఆమెను సచివాలయానికి తీసుకెళ్ళి వెల్ఫేర్ అసిస్టెంట్ చేతనే చెప్పించాను. నా మాట కంటే కంప్యూటర్లో తన పేరు చూసుకున్నాకే ఆమెకు ధైర్యం వచ్చింది.

పాస్ గ్యారంటీ మనిషి

మేము లెటర్లు రాస్తున్న రోజుల్లోనే ఒకాయన వాళ్ళింటికి వచ్చి, "ఈ తిప్పలెందుకు, ఓపెన్‌లో కట్టిస్తాను, 15 వేలు ఇవ్వండి, పాసు నా పూచీ" అన్నాడు. నాయనమ్మ కమ్మలు తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది. అదే సమయంలో మేనమామ, "ఓపెన్ టెన్త్ చెత్తకాగితం, దానికి ఉద్యోగం రాదు" అన్నాడు. ఇద్దరి మాటలూ తప్పే.

ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ ప్రభుత్వానిదే. 14 ఏళ్ళు నిండినవాళ్ళు దాని ద్వారా పదో తరగతి రాయవచ్చు, ఆ సర్టిఫికెట్ రెగ్యులర్ దానితో సమానం. ఇంటర్లో చేరవచ్చు, ఉద్యోగాలకు పెట్టుకోవచ్చు. పెళ్ళయి చదువు ఆగిన నా పాత విద్యార్థినులు ఇద్దరు అలా రాసి ఇప్పుడు అంగన్‌వాడీ, నర్సింగ్ దారుల్లో ఉన్నారు. కాబట్టి ఓపెన్ మంచి దారే. కానీ స్టడీ సెంటర్లో నేరుగా, నిర్ణీత ఫీజుతో కట్టాలి. పూచీ పడే మనిషి చేతిలో డబ్బు పెట్టకూడదు. ఇక అర కిలోమీటరు దూరంలో బడి ఉన్న పదిహేనేళ్ళ పిల్లకి ఓపెన్ అవసరమే లేదు. రోజూ క్లాసు, స్నేహితులు, మధ్యాహ్నం అన్నం, తిట్టే టీచరు, ఇవన్నీ ఆ పిల్లకి కావాలి.

నా వైపు జరిగిన పొరపాటు

సెప్టెంబరులో పదో తరగతి పిల్లలందరి వివరాలు సరిచూసుకున్నాం. ఈ అమ్మాయి తల్లిని పిలిచి, రిజిస్టరు చూస్తూ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పైకి చదివాను. ఆమె అన్నింటికీ "సరేనమ్మా" అంది. సంతకం పెట్టించుకున్నాను. నామినల్ రోల్ చెక్‌లిస్టు వచ్చినప్పుడు అమ్మాయే చూసి చెప్పింది, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా అని. పుట్టిన తేదీ కూడా ఆధార్‌లో జనవరి 1 అని ఉంది, టీసీలో ఆగస్టు నెల. ఆధార్ తీసేవాళ్ళు తేదీ తెలియనప్పుడు జనవరి 1 వేసేస్తారు, మన జిల్లాలో సగం మంది పెద్దవాళ్ళు ఆ రోజే పుట్టినట్టుంటారు.

తల్లిని అడిగితే, "పది అయినాక మార్పించుకోవచ్చన్నారమ్మా" అంది. ఇది చాలా ప్రమాదకరమైన మాట. పదో తరగతి మార్కుల మెమోలో ఉన్న తేదీనే జీవితాంతం పుట్టిన తేదీకి ఆధారంగా తీసుకుంటారు. పాస్‌పోర్టు, ఉద్యోగం, పెన్షన్, అన్నీ దాని మీదే నడుస్తాయి. మెమో చేతికొచ్చాక మార్పించడం ఎంత కష్టమో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకే తెలుసు. చెక్‌లిస్టు దశలోనే అక్షరం దిద్దించాం. తేదీని టీసీ ప్రకారం ఉంచి, ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించాం.

తప్పు నాది. చదవడం రాని తల్లికి నేను చదివి వినిపించి, ఆమె తలూపితే సరిచూసుకున్నట్టు రాసుకున్నాను. టీచరు ముందు ఎవరు కాదంటారు? అప్పటి నుంచి పద్ధతి మార్చాను. కాగితం పిల్ల చేతికిస్తాను. పిల్లే ఒక్కో అక్షరం విడివిడిగా చదివి, తల్లికి చెప్పి, ఇద్దరూ ఒప్పుకున్నాక సంతకం. ఒక్కో కుటుంబానికి పావుగంట పడుతుంది. పట్టనీ.

ఆధార్ గురించే ఇంకో మాట. ఆధార్ లేకపోతే బళ్ళో చేర్చుకోరని వీళ్ళ వీధిలో ఇంకో ఇంటివాళ్ళు నమ్ముతున్నారు. బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పథకాల డబ్బుకు ఆధార్ కావాలి, బళ్ళో కూర్చోవడానికి అక్కర్లేదు. ఈ రెండూ కలిపి ఒకటే అనుకోవడం వల్ల పిల్లలు బయట ఉండిపోతున్నారు.

బ్యారన్లు వెలిగించే నెలలు

మన వైపు అసలు పరీక్ష జనవరిలో మొదలవుతుంది. పొగాకు ఆకు రెలిచి, కర్రలకు అల్లి, వేడితో ఆరబెట్టే కొట్టానికి, అంటే బ్యారన్‌కెక్కించే కాలం. ఒక చెయ్యి ఎక్కువుంటే ఇంటికి ఒక కూలి ఎక్కువ. కాలు నయమైనా తండ్రి ఇంకా బరువు మోయలేడు. సంక్రాంతి సెలవులు అయిపోయాక అమ్మాయి మూడు రోజులు రాలేదు. ఇంటికెళ్ళాను.

తల్లి లెక్క ఆమెకుంది. "75 చాలన్నావు గదమ్మా. ఇన్నాళ్ళూ వచ్చిందిగా, ఇంక ఫీజు కూడా కట్టేశాం. హాల్‌టికెట్ వస్తది" అంది. నేను జూలైలో చెప్పిన 75 శాతమే ఇక్కడ నాకు ఎదురొచ్చింది. సగం చెప్తే ఇలాగే అవుతుంది.

నేల మీద కూర్చుని లెక్క వేశాం. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 75 శాతం అంటే 165. మొదటి నెల రోజులు పోయాయి, డెంగీ జ్వరంతో అక్టోబరులో పదకొండు రోజులు పోయాయి. అటూ ఇటూ చూస్తే మిగిలిన వెసులుబాటు పెద్దగా లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఈ రెండు నెలల్లోనే రివిజన్, గ్రాండ్ టెస్టులు, స్లిప్ టెస్టులు జరుగుతాయి. హాజరు లెక్క హాల్‌టికెట్ కోసం, క్లాసులో కూర్చోవడం మార్కుల కోసం. అమ్మాయి పక్కనే కూర్చుని వింటోంది. అరచేతులు, గోళ్ళ సందులు పొగాకు జిగురుతో నల్లగా ఉన్నాయి. పెన్ను పట్టుకుంటే దానికీ అంటుకుంది. తడిగుడ్డతో తుడిచినా పోలేదు.

అప్పుడు ఆ పిల్ల అడిగింది: "మేడమ్, లెక్కల్లో పోతే మళ్ళీ అన్నీ రాయాలంటగా? అయితే ఎందుకు రావడం?"

ఇదీ అసలు కారణం. మూడు రోజులు రాకపోవడానికి ఆకు ఒక్కటే కారణం కాదు. పాత స్కూల్లో యూనిట్ టెస్టుల్లో లెక్కలు తప్పిందని, "నువ్వు పదిలో మా రిజల్టు పాడుచేస్తావు" అని పదే పదే అన్నారట. ఆ మార్కులు పబ్లిక్‌లో కలుపుతారని కూడా అనుకుంటోంది. కలపరు. ఇంటర్నల్ మార్కులు తీసేశాక సబ్జెక్టుకు 100 మార్కులూ పబ్లిక్ పరీక్షలో రాసినదానికే. మొత్తం 600. పాసవడానికి 35 రావాలి, హిందీలో 20 చాలు. ఫిజికల్ సైన్స్, బయాలజీ రెండు రోజులు 50 చొప్పున రాసినా, రెండూ కలిపి 35 వస్తే పాసు. ఒక సబ్జెక్టు పోతే ఆ ఒక్కటే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో రాయాలి. ఆ పరీక్షలు వేసవిలోనే అవుతాయి కాబట్టి అదే ఏడాది ఇంటర్లో చేరవచ్చు. మిగతా పాసైన సబ్జెక్టుల మార్కులు ఎక్కడికీ పోవు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా కాగితం మీద రాసి చూపించాను. ఆ పిల్ల "నూటికి ముప్పై అయిదేనా?" అని రెండుసార్లు అడిగింది. గ్రాఫులు, సంభావ్యత తనకు వస్తాయట. వాటితో ఎన్ని వస్తాయో లెక్కేసుకోవడం మొదలుపెట్టింది. టెన్షన్ తగ్గడం అంటే ఏమిటో ఆ ముఖంలో చూశాను. ఒక్క తప్పు సమాచారం ఒక పిల్లని బడి నుంచి ఎంత దూరం లాగగలదో అప్పుడు నాకు కొత్తగా తెలిసింది.

ఇంగ్లీషు గురించి తండ్రి భయం మాత్రం అప్పటికే పోయింది. సర్కారు బళ్ళో తెలుగు మీడియమే ఉంటుంది, పిల్ల నాలుగేళ్ళ ఇంగ్లీషు వృథా అవుతుందని అనుకున్నాడు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉండటం చూసి, తనే కూర్చుని తెలుగు పేజీలు చదువుతున్నాడట.

తల్లి ఒప్పుకున్న ఏర్పాటు ఇది: తెల్లవారుజామున అయిదు నుంచి ఏడున్నర దాకా ఆకు అల్లడం, ఆదివారాలు, అంతే. నాకది పూర్తిగా ఇష్టం కాదు. పిల్ల చేత పని మాన్పించమని అన్నాను, ఆమె వాళ్ళ అప్పుల లెక్క చెప్పింది. నేను కాదనలేకపోయాను. జనవరి చివరి వారం నుంచి మళ్ళీ ఒక్క రోజు మానలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో

మధ్యాహ్నం గంట కొట్టాక నాయనమ్మ వచ్చింది. వెంట ఇంకో ఆవిడ, ఆమె వెనక తొమ్మిదో తరగతి చదవాల్సిన ఒక పిల్ల. కందుకూరు వైపు నుంచి ఆకు పనికి వచ్చిన కుటుంబమట.

"నేను చెప్పానమ్మా వీళ్ళకి. టీసీ అవసరమే లేదు, మా మేడమ్ ఊరికే చేర్చుకుంటదని" అంది, సంతోషంగా.

మళ్ళీ ఇంకో సగం నిజం తయారైంది, ఈసారి మా స్కూలు నుంచే. కుర్చీ వేసి ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. టీసీ కావాలి. ఎనిమిది దాకా అయితే అది లేదని ఆపకూడదు, కానీ తెప్పించుకోవాల్సిందే. తొమ్మిది, పది అయితే పై ఆఫీసు అనుమతితో కూర్చోబెడతాం, టీసీ, ఆన్‌లైన్ రెండూ పరీక్ష ఫీజు కట్టే లోపు రావాలి. నెమ్మదిగా రెండుసార్లు చెప్పి, మళ్ళీ అవ్వ చేత చెప్పించాను. మొదటిసారి మధ్యలో తప్పింది, రెండోసారి సరిగ్గా చెప్పింది.

తర్వాత అదే పెద్ద అక్షరాలతో ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చాను. అవ్వకు చదవడం రాదు. నాలుగు మడతలు పెట్టి, రైస్‌కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. "మనవరాలి చేత చదివించుకుంటా, ఎవరన్నా అడిగితే ఇదే చూపిస్తా" అని లేచింది. నేను ఆ కొత్త పిల్ల పాత స్కూలు అడ్రసు రాసుకోవడం మొదలుపెట్టాను.